చింతకొమ్మన చంటిబిడ్డ

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ నుంచి దేవరకొండకు వెళ్లే దారిలో ఒక ఊరి చెరువుకట్ట మీద పాత చింతచెట్టు ఉంది. దూరం నుంచి చూస్తే, గొంగడి కప్పుకున్న గొల్లలు తలకిందులుగా నిలబడినట్లు దాని పైకొమ్మలు నల్లగా కనిపిస్తాయి. అవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. మా పల్లెల్లో గబ్బిలాయిలంటారు. రెక్కలు చాచితే నాలుగు అడుగుల వరకు ఉండే ఈ జీవి పక్షి కాదని, పిల్లను కని పాలు ఇస్తుందని చాలామందికి తెలుసు. ఏడాదికి ఎన్ని పిల్లలను కంటుందని అడిగితే మాత్రం నాలుగని, ఐదని, తోచిన లెక్క చెబుతారు. ఒక్కటే. ఏడాదికి ఒకే ఒక్క పిల్ల.

ఇవి జతకట్టేది ఎక్కువగా వానకాలంలో, జూలై నుంచి అక్టోబరు దాకా. చూలు సుమారు ఐదు నెలలు మోసి, ఫిబ్రవరి, మే నెలల మధ్య ఈనుతాయి. పిల్ల పెంపకంలో తండ్రి ఏమాత్రం పాలుపంచుకోదు, భారమంతా తల్లిదే.

ఆ భారం ఎటువంటిదో నేను ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆ చెట్టుకింద కూర్చుని చూశాను. కట్టమీద మట్టి కాళ్లు కాలుస్తోంది. ఒక తల్లి ఒంటికాలితో కొమ్మను పట్టుకుని, ఒక రెక్కతో ఆగకుండా విసురుకుంటోంది. రెండవ రెక్కను మాత్రం కదపకుండా రొమ్ముకు అదిమి ఉంచింది. కొంతసేపటికి ఆ రెక్క అంచు నుంచి వేలెడంత మూతి బయటికి వచ్చి, ఎండ తగలగానే మళ్లీ లోపలికి పోయింది. గబ్బిలానికి పాలచన్నులు చంకల దగ్గర ఉంటాయి. పిల్ల పాలపళ్లు కొక్కేల్లా వంగి ఉండి చన్నును వదలకుండా పట్టుకుంటాయి, కాలిగోళ్లు తల్లి బొచ్చులో దిగి ఉంటాయి. మొదటి కొన్ని వారాలు తల్లి మేతకు పోయినా పిల్ల ఇలాగే కరచుకుని పోతుంది. బరువు పెరిగాక దానిని చెట్టునే వదిలి వెళ్లి, తెల్లవారుజామున తిరిగి వచ్చి, అరుపునుబట్టి, వాసననుబట్టి అన్ని పిల్లల్లో తన పిల్లనే వెతికి పట్టుకుంటుంది. పెళ్లిపందిట్లో తప్పిపోయిన సొంత పిల్లవాడిని వెతకడానికి నేను పడిన అవస్థ ఆనాడు గుర్తుకు వచ్చింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవిని ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది. ఈతకు ఎనిమిది, పది పిల్లలు పెట్టే ఎలుక పక్కన ఏడాదికి ఒక్క పిల్లను కనే ప్రాణిని కూర్చోబెట్టడం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు. ఎలుకల లోటు నెలల్లో తీరుతుంది. ఇక్కడ ఒక పిల్ల రాలిపోతే ఆ తల్లికి ఆ ఏడాదంతా పోయినట్లే.

నేను ముఖ్యంగా చెప్పదలచినది చింతచెట్లను గుత్తకు పట్టేవారికి. గబ్బిలాలు ఈనే రోజులూ, మనం చింతకాయ దులిపే రోజులూ దాదాపు ఒకటే. పొడవైన కట్టెలతో కొమ్మలను కొడుతున్నప్పుడు తల్లి బెదిరి పట్టపగలు ఎగిరితే, పట్టు తప్పిన పిల్ల నేలమీద పడుతుంది. అలాగని చెట్టంతా వదలనక్కరలేదు. గబ్బిలాలు వేలాడే కొమ్మలను మాత్రం కొట్టకండి, వాటి కాయ పండి తానుగా రాలినప్పుడు ఏరుకోండి. పిల్ల కింద పడి కనిపిస్తే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా అటవీశాఖవారికి కబురు చేయండి.

ఈ మాటే ఆ చెరువుకట్ట చెట్టును గుత్తకు పట్టిన పెద్దమనిషికి చెప్పాను. ఆయన పైకి చూసి, వేళ్లమీద లెక్కపెట్టి, "మూడు కొమ్మలైతయి సారూ, ఆ కాయ పైసలు మరి నువ్విస్తవా?" అన్నాడు. ఇచ్చాను. రాలినదంతా ఏరి సంచికెత్తి ఆయనే మా ఇంటికి పంపాడు. ఆ చింతపండు ఇంకా అయిపోలేదు.