బీటిల్స్ బీటిల్స్ కాకముందు: బయటికి రాని తొలి రికార్డింగులు

[తెర మీద: లివర్‌పూల్, 38 కెన్సింగ్టన్. పాతకాలపు ఇల్లు, గోడకు నీలం ఫలకం.]

1958 జులైలో ఐదుగురు కుర్రాళ్లు గిటార్లు మోసుకుంటూ ఈ ఇంటికి వచ్చారు. పేరుకు ఇది స్టూడియో. నిజానికి పర్సీ ఫిలిప్స్ అనే పెద్దాయన కాపురం ఉండే ఇల్లు. ఒక గదిలో రికార్డింగ్ సరంజామా పెట్టుకుని, డబ్బు కట్టినవాళ్ల పాటను డిస్క్ మీదకి ఎక్కించి చేతికిచ్చేవాడు. వీళ్ల దగ్గర తీసుకున్నది 17 షిల్లింగుల 6 పెన్స్.

వచ్చినవాళ్లలో జాన్ లెనన్‌కి 17 ఏళ్లు. పాల్ మెక్‌కార్ట్‌నీకి 16. జార్జ్ హారిసన్‌కి 15. పియానో దగ్గర జాన్ డఫ్ లో, డ్రమ్స్ దగ్గర కాలిన్ హాంటన్. బృందం పేరు ఇంకా క్వారీమెన్. బీటిల్స్ అన్న పేరు రావడానికి మరో రెండేళ్లు పడుతుంది.

ఈ వీడియోలో బీటిల్స్ హిట్ పాటల జోలికి వెళ్లను. 1958 నుంచి 1962 దాకా వాళ్లు పాడి, ఏళ్ల తరబడి బయటికి రాని పాటల గురించి చెబుతాను. కొన్ని 1995లో ‘ఆంథాలజీ 1’ ఆల్బమ్‌లో వచ్చాయి. కొన్ని ఇప్పటికీ అధికారికంగా రాలేదు. నాకు వీటి మీద ఇంత ఇష్టం ఎందుకంటే, వీటిలో వాళ్లు ఇంకా వేరేవాళ్లను అనుకరిస్తూనే ఉన్నారు. ఆ అనుకరణ ఎక్కడ తప్పి సొంత గొంతు బయటపడుతోందో మనం చెవులతో పట్టుకోవచ్చు.

[తెర మీద: పది అంగుళాల 78 ఆర్‌పీఎం డిస్క్. చేత్తో రాసిన లేబుల్.]

ఆ రోజు రెండు పాటలు రికార్డు చేశారు. ఒకటి అమెరికన్ గాయకుడు బడీ హాలీ పాట ‘దట్‌ల్ బీ ద డే’. అందులో జాన్ హాలీని దించేయాలని చూశాడు, దాదాపు దించేశాడు కూడా. నన్ను పట్టి ఆపేది రెండోది, ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ది డేంజర్’. ఇది సొంత పాట. రచయితల పేర్లు మెక్‌కార్ట్‌నీ, హారిసన్. ఈ ఇద్దరి పేర్లు మాత్రమే జంటగా కనిపించే పాట బీటిల్స్ చరిత్రలో మరొకటి లేదు. ఎల్విస్ పాట ఒకటి మనసులో పెట్టుకుని రాశానని పాల్ తర్వాత చెప్పాడు. వింటే అది తెలిసిపోతుంది కూడా. కానీ జాన్ లీడ్ గొంతు వెనకాల పాల్ పై శ్రుతిలో అందుకునే చోట ఒకసారి ఆగి వినండి. తర్వాత ప్రపంచమంతా విన్న ఆ జంట గొంతు అప్పటికే అక్కడ ఉంది. డ్రమ్స్ సరిగ్గా వినపడవు, పియానో ఎక్కడో దూరంగా మోగుతుంది, డిస్క్ అంతా గరగర. అయినా ఆ రెండు గొంతులు మాత్రం అతుక్కునే ఉంటాయి.

పాట కాస్త పొడవైంది. డిస్క్ మీద గాడి పెట్టే చోటు అయిపోతోంది, ఇక ఆపండని ఫిలిప్స్ సైగలు చేశాడని ఆ రోజు గది లోపల ఉన్నవాళ్లు చెప్పారు. ‘ఆంథాలజీ’లో విడుదల చేసినప్పుడు అందులోంచి కొంత కోసేశారు. నా మట్టుకు అది చేయకూడని పని. ఇలాంటి పాటకు ఆ పొడవూ, ఆ తొందరా కూడా కావాలి.

డిస్క్ ఒక్కటే. అందుకని వంతులు వేసుకున్నారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వారం. చివరికి అది పియానో వాయించిన జాన్ డఫ్ లో ఇంట్లో ఉండిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉంది. 1981లో పాల్ దాన్ని ఆయన దగ్గర కొనుక్కున్నాడు. కొద్దిపాటి కాపీలు వేయించి, దగ్గరివాళ్లకు కానుకగా ఇచ్చాడు. మామూలు శ్రోత చెవిన పడింది మాత్రం 1995లోనే.

ఇంకో సంగతి. అదే జులై 15న జాన్ తల్లి జూలియా కారు ప్రమాదంలో చనిపోయింది. కొడుక్కి బాంజో మీద వేళ్లు పెట్టడం నేర్పి సంగీతంలోకి లాగింది ఆవిడే. ఈ రికార్డింగ్ వినేటప్పుడు నాకు ఆ తేదీ గుర్తుకు రాకుండా ఉండదు.

[తెర మీద: 20 ఫోర్త్‌లిన్ రోడ్, పాల్ వాళ్ల ఇల్లు.]

ఇప్పుడు 1960కి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన టేపు ఇదే. పాల్ వాళ్ల ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టుకుని జాన్, పాల్, జార్జ్, స్టూవర్ట్ సట్‌క్లిఫ్ తోచింది తోచినట్టు వాయించిన టేపు. స్టూవర్ట్ చిత్రకారుడు. తన పెయింటింగ్ ఒకటి అమ్ముడుపోతే, ఆ డబ్బుతో బేస్ గిటార్ కొన్నాడు. వాయించడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. డ్రమ్మర్ అసలు లేడు. ఎవరైనా అడిగితే మా దరువు గిటార్లలోనే ఉందని చెప్పుకునేవాళ్లట. టేపు వింటే వాళ్లకు డ్రమ్మర్ ఎంత అవసరమో అర్థమవుతుంది.

నిజం చెప్పాలంటే ఈ టేపులో చాలా భాగం సాగదీతే. రెండు మూడు గిటార్ కార్డులు (కలిపి మీటే స్వరాలు) పట్టుకుని నిమిషాల తరబడి అదే వాయిస్తూ ఉంటారు. దాన్ని దాటించుకుంటూ వినండి. ‘ఆంథాలజీ’కి దీంట్లోంచి మూడే తీసుకున్నారు. రే చార్ల్స్ పాట ‘హల్లెలూయా ఐ లవ్ హర్ సో’, సరదాకి పాడిన ‘యూ విల్ బీ మైన్’, పాల్ వాయిద్య రచన ‘కయెన్’. మిగిలినవి అలాగే ఉండిపోయాయి.

ఆ మిగిలినవాటిలో ఉంది ‘ఐ విల్ ఫాలో ద సన్’. 1964 డిసెంబరులో ‘బీటిల్స్ ఫర్ సేల్’ ఆల్బమ్‌లో విన్నాం కదా, నెమ్మదిగా, కొంచెం దిగులుగా ఉండే పాట. అదే పాట 1960 టేపులో చకచకా నడుస్తుంది. పల్లవి మనకు తెలిసిందే. మధ్య భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారి మారిపోతుంది, అక్కడ వేరే వరస ఉంటుంది. అంటే పాల్ తన పదహారేళ్ల ప్రాయంలో కట్టుకున్న పాటను ఐదారేళ్లు దగ్గర పెట్టుకుని, బాగున్న పల్లవిని ముట్టుకోకుండా, బలహీనంగా ఉన్న మధ్య భాగాన్ని తీసేసి కొత్తది పెట్టాడు. వేగం తగ్గించాడు. పాట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు కనపడలేదు. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి వినండి.

‘వన్ ఆఫ్టర్ 909’ కథ ఇంకా పెద్దది. జాన్ కుర్రతనంలో రాసిన రైలు పాట. 1960 టేపులో ఉంది. 1963 మార్చి 5న ఈఎంఐ రికార్డు కంపెనీ స్టూడియోలో మళ్లీ ప్రయత్నించారు. ఆ టేకులు కొన్ని ‘ఆంథాలజీ’లో ఉన్నాయి. మధ్యలో ఆగిపోవడం, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం, మళ్లీ మొదలుపెట్టడం అన్నీ వినిపిస్తాయి. కుదరలేదు, పక్కన పెట్టేశారు. ఆఖరికి 1969 జనవరి 30న, లండన్ సవీల్ రోలో తమ ఆఫీసు డాబా మీద, చలిలో, బిల్లీ ప్రెస్టన్ ఎలక్ట్రిక్ పియానో తోడు రాగా ఒక్క ఊపులో పాడేశారు. అదే 1970లో ‘లెట్ ఇట్ బీ’ ఆల్బమ్‌లో వచ్చింది. మొదటి టేపులో తడబడిన పాట చివరి ఆల్బమ్‌లో చోటు సంపాదించుకుంది. 

[తెర మీద: వెస్ట్ హాంప్‌స్టెడ్, డెక్కా స్టూడియో పాత ఫొటో. 1962 జనవరి 1.]

డెక్కా అనే రికార్డు కంపెనీలో వీళ్లు ఇచ్చిన ఆడిషన్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో జనవరి 1 సెలవు కాదు. ముందు రోజు మంచులో వ్యాన్ వేసుకుని లివర్‌పూల్ నుంచి బయల్దేరి, దారి తప్పి, రాత్రికి లండన్ చేరారు. పొద్దున్నే స్టూడియోకి పోతే, ఆడిషన్ తీసుకోవాల్సిన మైక్ స్మిత్ ఆలస్యంగా వచ్చాడు. మీ యాంప్లిఫయర్లు పనికిరావు, మావి వాడండన్నారు. అలవాటు లేని సామాను, ఎదురుగా ఎర్ర లైటు, వెనకాల పీట్ బెస్ట్ డ్రమ్స్. ఆ టెన్షన్‌లో 15 పాటలు పాడారు. అందులో సొంత పాటలు మూడే.

డెక్కా వద్దంది. బ్రయాన్ పూల్ అండ్ ద ట్రెమెలోస్ అనే బృందాన్ని తీసుకుంది. దాన్ని సంగీత చరిత్రలోనే పెద్ద పొరపాటుగా అందరూ చెబుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. టేపు విని చెప్పండి. ‘టిల్ దేర్ వాజ్ యూ’ తీసుకోండి. పాల్ గొంతు బిగుసుకుపోయి ఉంది, ఒక్కో మాటను జాగ్రత్తగా కింద పెడుతున్నాడు. జార్జ్ ఎలక్ట్రిక్ గిటార్ మీద సోలో వాయిస్తుంటే వేళ్లు వెతుక్కోవడం తెలుస్తుంది. ఇప్పుడు 1963లో ‘విత్ ద బీటిల్స్’ కోసం చేసిన అదే పాట వినండి. జార్జ్ చేతిలో నైలాన్ తీగల గిటార్, పీట్ స్థానంలో వచ్చిన రింగో బోంగోలు, తొణక్కుండా పాడుతున్న పాల్. రెండిటి మధ్య ఏడాదిన్నర తేడా, అంతే. డెక్కా విన్నది మొదటి రూపం. ఆ రోజు ఆ గదిలో ఉన్నది ఇంకా తయారవుతున్న బృందం.

సొంత పాటలు మూడూ వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాయి. ‘లవ్ ఆఫ్ ద లవ్డ్’ సిల్లా బ్లాక్‌కి, ‘హలో లిటిల్ గర్ల్’ ఫోర్‌మోస్ట్‌కి, ‘లైక్ డ్రీమర్స్ డూ’ యాపిల్‌జాక్స్‌కి. వీటిలో చివరి రెండూ బీటిల్స్ గొంతులో ‘ఆంథాలజీ’లో ఉన్నాయి. డెక్కా పాటల్లో ఆ ఆల్బమ్‌లోకి వచ్చినవి మొత్తం 5. మిగతా 10 అధికారికంగా రాలేదు, దొంగ రికార్డుల్లో తిరుగుతున్నాయి.

[తెర మీద: గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క, హెచ్ఎంవీ గుర్తు.]

ఈ బొమ్మ తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. బీటిల్స్ కథ మలుపు తిరిగింది ఈ బొమ్మ ఉన్న దుకాణంలోనే. డెక్కా కాదన్న తర్వాత మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ ఆ టేపు పట్టుకుని లండన్‌లో తిరుగుతున్నాడు. 1962 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని హెచ్ఎంవీ షాపుకి వెళ్లాడు, టేపులోని పాటల్ని డిస్కుల మీదకి ఎక్కించుకోవడానికి. ఎక్కించిన ఇంజనీరుకి పాటలు నచ్చాయి. అదే భవనంలో పై అంతస్తులో ఈఎంఐ వాళ్ల పాటల ప్రచురణ ఆఫీసు ఉంది. అక్కడున్న సిడ్ కోల్మన్‌కి చెప్పాడు. ఆయనకు పనికొచ్చేవి ఆ సొంత పాటలే. అక్కణ్ణుంచి దారి ఈఎంఐలో రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ దగ్గరికి చేరింది. డెక్కా పక్కన పెట్టిన ఆ టేపే ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియో తలుపు తీసింది. ఇందుకే ఆ 15 పాటలూ ఒకేచోట, వరసగా, సరైన టేపు నుంచి అధికారికంగా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

జూన్ 6న ఈఎంఐ స్టూడియోలో నాలుగు పాటలు పాడారు. వాటి టేపులు మిగల్లేదనుకున్నారు. 1980లలో ‘బేసమే ముచో’ దొరికింది. 1994లో జార్జ్ మార్టిన్ భార్య జూడీకి ఇంట్లో అల్మారాలో ఒక డిస్క్ కనపడింది. అందులో పీట్ బెస్ట్ వాయించిన ‘లవ్ మీ డూ’! మధ్య భాగం దగ్గర వినండి, పీట్ హఠాత్తుగా దరువు మార్చేస్తాడు, పాట ఒక్కసారి ఒరిగిపోయి మళ్లీ నిలదొక్కుకుంటుంది. డ్రమ్మర్‌ని మార్చాలన్న మాట ఎందుకు వచ్చిందో ఈ కొన్ని సెకన్లు విన్నాక వేరే వివరణ అక్కర్లేదు. ఆగస్టులో రింగో వచ్చాడు. అక్టోబరు 5న సింగిల్ విడుదలైంది.

[తెర మీద: 2013 డిసెంబరు క్యాలెండర్.]

మరి మిగిలినవి ఎందుకు విడుదల చేయరు? ధ్వని బాగోదన్నది ఒక కారణం. చట్టం ఇంకో కారణం, కాస్త వివరంగా చెబుతాను. యూరప్‌లో రికార్డింగుల కాపీరైట్ గడువును 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు. కానీ 50 ఏళ్లలోపు విడుదల చేసినవాటికే ఆ పెంపు వర్తిస్తుంది. అందుకే 2013 డిసెంబరు 17న, గడువు ముగిసే లోపు, 1963 నాటి 59 ట్రాకులు హడావుడి లేకుండా ఐట్యూన్స్‌లోకి వచ్చేశాయి. 1962, అంతకుముందువి ఆ పాటికే గడువు దాటిపోయాయి. వాటిని తొందరపడి విడుదల చేయాల్సిన అవసరం కంపెనీకి లేకుండా పోయింది.

1957 జులై 6 టేపు కూడా అలాగే ఉంది. ఊల్టన్‌లో చర్చి తోట ఉత్సవం జరిగిన రోజు, జాన్, పాల్ మొదటిసారి కలుసుకున్న రోజు, జాన్ పాడుతుంటే ఒకాయన రికార్డు చేసిన టేపు. 1994లో సోథ్‌బీస్ వేలంలో ఈఎంఐ 78,500 పౌండ్లు పెట్టి కొంది. ఇప్పటిదాకా పూర్తిగా వినిపించలేదు.

దాని ధ్వని చాలా ఘోరంగా ఉందంటారు, దాన్ని ఆలస్యం చేస్తే అర్థం చేసుకోగలను. 1960 ఇంటి టేపు అలా కాదు, మాటలు అర్థమవుతాయి, వేళ్ల చప్పుడు వినిపిస్తుంది. వీటన్నిటిలో ముందు ఏది విడుదల చేయాలని ఎవరైనా నన్నడిగితే, ఆ టేపులోని ‘ఐ విల్ ఫాలో ద సన్’ పేరే చెబుతాను.