శ్రీకాకుళం ల్యాబ్‌కి వచ్చిన ఆర్‌పీఎస్19: రెండు ట్యూబులు, ఒక జెల్

నమస్తే అండీ. ఈ రోజు ఫోనూ కాదు, మిక్సీ కూడా కాదు. ఇదిగో, ఈ చిటికెన వేలంత ట్యూబు. అడుగున కనిపించీ కనిపించనట్టున్న ఆ చుక్కే సరుకు. రీకాంబినెంట్ హ్యూమన్ ఆర్‌పీఎస్19, అంటే జీన్‌ని వేరే జీవిలో పెట్టి తయారుచేయించిన మనిషి ప్రోటీన్, 50 మైక్రోగ్రాములు. విప్పుతుంటే కొరియర్ అబ్బాయి చూసి, "ఏటి మేడమ్, ఇంత థర్మోకోల్ పెట్టెలో ఇంతేనా?" అన్నాడు. ఇంతే నాయనా.

ఇదేంటో ముందు చెప్తాను. మన కణాల్లో ప్రోటీన్లు తయారుచేసేది రైబోజోమ్. ఆర్‌ఎన్‌ఏతో పాటు దానిలో దాదాపు 80 రకాల ప్రోటీన్లుంటాయి. రైబోజోమ్ రెండు భాగాల్లో చిన్నదాంట్లో (చిన్న సబ్‌యూనిట్) ఉండే ఒకటి ఇది. 145 అమైనో ఆసిడ్లే. కానీ దీని జీన్ ఒక్క కాపీ చెడినా పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలు సరిగా తయారవకపోవచ్చు. డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా అంటారు. ఆ జబ్బుకి మొట్టమొదట దొరికిన జీన్ ఇదే, 1999లో. రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి లోపం ఇక్కడే. మన సీతంపేట వైపు వినే సికిల్ సెల్‌తో దీన్ని కలిపేయకండి. అక్కడ తేడా హీమోగ్లోబిన్‌లో ఉంటుంది.

హ్యూమన్ అన్నారు కదా అని మనిషి నుంచి తీశారనుకోకండి. జీన్‌ని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, ప్రోటీన్‌కి 6 హిస్టిడిన్ల (ఒక అమైనో ఆసిడ్) తోక తగిలించి, ఆ తోక అంటుకునే నికెల్ కాలమ్‌లో పట్టుకున్నారు.

ఇక పార్సిల్ కథ. కంపెనీ పేరు చెప్పను. పెట్టె విశాఖ దాకా బాగానే వచ్చింది, అక్కడ శని, ఆదివారాలు కూర్చుండిపోయింది. సోమవారం మా చేతికొచ్చేసరికి ఐస్ ప్యాకులు నీళ్లు. ఫొటోలు తీసి మెయిల్ పెడితే ఇంకో ట్యూబు పంపారు, పది రోజులు పట్టింది. నాకైతే అదే కలిసొచ్చింది, రెండూ పక్కపక్కనే 15 శాతం జెల్‌లో (కరెంటు పెట్టి ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే పలక) ఎక్కించాను.

ప్రోటీన్ 16 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువు కొలత), తోక, దాన్ని కలిపే లింకరు రెండూ కలిపి ఇంకో 2. అంటే 18 దగ్గర బ్యాండ్ (ప్రోటీన్ గీత) రావాలి. మాకు 20 దగ్గర కనబడింది. మా జూనియర్‌కి టెన్షన్, "అక్కా, వేరేది పంపారేమో" అని. కాదు. ఈ ప్రోటీన్‌లో లైసిన్లు, ఆర్జినిన్లు ఎక్కువ. అలాంటివి జెల్‌లో కాస్త నెమ్మదిగా నడుస్తాయి. యాంటీబాడీతో బ్లాట్ చేస్తే, అంటే జెల్‌లోని ప్రోటీన్లని పొర మీదకి దించి ఈ ప్రోటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీ పోస్తే, సరిగ్గా పట్టుకుంది. పక్కనున్న హెలా కణాల (ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు) లైసేట్‌లో, అంటే వాటిని పగలగొట్టిన రసంలో, బ్యాండ్ కాస్త కిందకి ఉంది, దానికి తోక లేదు కాబట్టి.

కొత్త ట్యూబులో కంపెనీ షీటు మీద రాసిన 90 శాతం శుద్ధి కంటికి నిజమే అనిపించింది. కరిగిన ట్యూబులో అసలు బ్యాండ్ ఉంది గానీ, కింద రెండు సన్నటి గీతలు వచ్చాయి. విరిగిన ముక్కలన్నమాట. ఒకటి గుర్తుంచుకోండి: ఈ జెల్ సైజు చూపిస్తుంది, ప్రోటీన్ సరిగ్గా మడతపడిందో లేదో చెప్పదు.

నన్ను విసిగించింది మాత్రం దీని జిగురు స్వభావం. దీనిది పాజిటివ్ చార్జ్, ఆర్‌ఎన్‌ఏది నెగటివ్ కదా, ఆర్‌ఎన్‌ఏ కనబడితే చాలు, ఏదైనా సరే అంటుకుంటుంది. బైండింగ్ ప్రయోగం (ఏది దేనికి అంటుకుంటుందో చూసేది) చేస్తే సంబంధం లేని ఆర్‌ఎన్‌ఏ ఒకటి పోలికకి కంట్రోల్‌గా పెట్టాల్సిందే, లేకపోతే అన్నీ నిజంగా అంటుకున్నట్టే కనిపిస్తాయి. పల్చగా కలిపి మామూలు ట్యూబులో రాత్రంతా ఉంచితే పొద్దున బ్లాట్‌లో బ్యాండ్ వెలిసిపోయింది, ప్లాస్టిక్ గోడ తినేసింది. ప్రోటీన్ తక్కువగా అంటుకునే లో-బైండ్ ట్యూబులు వాడండి.

రాగానే 5 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి, మళ్లీ మళ్లీ కరిగించొద్దు. జనరేటర్ లేని ల్యాబైతే ఆర్డర్ పెట్టే ముందు ఆలోచించండి. 2018 తిత్లీ తుఫానుకి మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లెన్నో మీకు తెలుసు.

కొనాలా? బ్లాట్‌కి పాజిటివ్ కంట్రోల్‌గా (పరీక్ష పనిచేస్తోందని చూపే నమూనాగా), యాంటీబాడీ పరీక్షించడానికి కొనండి. రైబోజోమ్ ఎలా పనిచేస్తుందో దీనితో చూద్దామంటే మాత్రం వద్దు, ఒక్క చక్రం కొనుక్కుని పలాస వెళ్లలేం కదా. ఇంకోటి, ఇది ల్యాబ్ సరుకు, మందు కాదు. రక్తహీనతకి వాడొచ్చా అని దయచేసి అడగకండి.

ఆ కరిగిన మొదటి ట్యూబు పారేయలేదండోయ్. దానితో జూనియర్లు జెల్ ఎక్కించడం నేర్చుకుంటున్నారు.