శంఖానికీ శ్రుతి ఉంది

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు "సార్, శంఖం గురించి ఓ అరగంట చెప్పండి, కొంచెం ఆధ్యాత్మికంగా" అన్నారు. ఆధ్యాత్మికం చెప్పేదానికి తిరుపతిలో వీధికొక పెద్దాయన ఉన్నారు. నేను పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించి బతికినవాణ్ణి. నాకు తెలిసింది ఒకటే: శంఖం కూడా ట్రంపెట్ జాతి వాయిద్యం. దానికీ శ్రుతి ఉంది. చెవి పెట్టి నేర్చుకుంటే సంగీతం పలుకుతుంది.

కొండమీద స్వామి చేతిలో శంఖం చూస్తాం, దండం పెట్టుకుంటాం. ఇంటికొచ్చి మనం ఊదబోతే మాత్రం ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. మా చిత్తూరు పక్క శవం ముందర శంఖం ఊది చేగంట కొడతారు కదా, అందుకని పొద్దున్నే ఆ శబ్దం వినబడితే పక్కింటివాళ్లు "ఎవరు పోయినారబ్బా" అని తలుపు తీస్తారు. గుళ్లో మంగళం, వీధిలో అమంగళం. పాపం, శంఖానికి ఈ తేడా తెలీదు. దాన్ని వాయిద్యంగా చూస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

గీత మొదటి అధ్యాయంలో చూడండి. కృష్ణుడిది పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం, ధర్మరాజుది అనంతవిజయం, నకుల సహదేవులవి సుఘోష మణిపుష్పకాలు. ఒక్కోదానికి ఒక్కో పేరెందుకు? పండితులు ఏమంటారో గానీ, బ్యాండువాడిగా నాకు తోచేది ఇది: ఏ శంఖం గొంతు దానిదే. విన్నవాడు ఫలానావాళ్లదని గుర్తుపట్టగలడు.

ఫ్రాన్సులో మార్సులా అనే గుహలో 1931లో ఒక పెద్ద శంఖం దొరికింది. పొడవు 31 సెంటీమీటర్లు. అప్పటి పండితులు దాన్ని ఏదో తాగే పాత్ర అనుకున్నారు. మనకిది నవ్వులాట కాదు, శంఖంలో పోస్తే గానీ తీర్థం కాదనే జాతి మనది! మళ్లీ పరీక్షగా చూసేసరికి కొన విరగ్గొట్టి ఉంది, లోపల పొరల్లో కూడా బెజ్జం తొలిచి ఉంది. వయసు సుమారు 18 వేల ఏళ్లు. ఒక వాద్యకారుడి చేత ఊదించి, ఆ సంగతి 2021లో ప్రకటించారు. మూడు స్వరాలు పలికాయి: 256, 265, 285 హెర్ట్జ్. మన లెక్కలో చెప్పాలంటే మొదటిది ఒకటో కట్టె శ్రుతిలో (ఇంగ్లీషువాళ్ల C) షడ్జమం, అంటే స; దాని పైన రెండు రిషభాలు, అంటే రెండు రకాల రి, కాస్త అటూ ఇటూగా. అంటే ఒక్క శంఖం ఒక్క స్వరమే పలుకుతుందనే మాట నిలవదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. శంఖం కొన్నవాడు మొట్టమొదట చేసేది బుగ్గలు పూరించి బలంగా ఊదడం. ఉస్సుమని గాలి పోతుంది, తల తిరుగుతుంది, శంఖం అలమార ఎక్కుతుంది. శంఖంలో పీక లేదు, నాదస్వరం కొనన అదిరే సీవాళీ లేదు. అక్కడ అదిరేది మన పెదవులే. చిన్నపిల్లలు బస్సు ఆటలో బుర్రుమంటారే, అదే. ముందు శంఖం లేకుండా ఆ బుర్రు సన్నగా, నిలకడగా రావాలి. పెదవుల మూలలు బిగువుగా ఉండాలి, మధ్యలో వదులుగా ఉండాలి, బుగ్గలు ఉబ్బకూడదు. తర్వాత శంఖం కొనను పెదవుల మధ్యన ఆనించండి, అదమొద్దు.

(ఇక్కడ ఊది వినిపించారు.)

విన్నారా? ఇది ఈ శంఖం షడ్జమం. ఇప్పుడు పెదవి కొంచెం బిగించి, గాలి వేగం పెంచుతాను... తారషడ్జమానికి, అంటే పై స కి, ఎగిరింది. మళ్లీ కిందికొచ్చి, శంఖం తెరిచిన నోటి దగ్గర అరచెయ్యి మెల్లగా మూస్తాను. స్వరం జారుతూ దిగింది చూడండి. ఫ్రెంచ్ హార్న్ వాళ్లు చేసేది ఇదే. అమెరికాలో స్టీవ్ టర్రే అనే ట్రాంబోన్ విద్వాంసుడు రకరకాల సైజుల శంఖాలు ముందర పెట్టుకుని, చేతిని లోపలికీ బయటికీ జరుపుతూ జాజ్ వాయిస్తాడు. మన పూజ శంఖానికి నోరు సన్నం, చెయ్యి దూరదు. వేళ్లతో మూయాల్సిందే. గమకం దాకా పోలేం గానీ, ఒక అరస్వరం దించొచ్చు.

కొనేటప్పుడు జాగ్రత్త. మన శంఖాలు ఎక్కువగా రామేశ్వరం, తూత్తుకుడి సముద్రం నుంచి వచ్చేవి. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో అడిగితే అభిషేకం శంఖం కావాలా, ఊదే శంఖం కావాలా అంటారు. అభిషేకం శంఖానికి కొన కోసి ఉండదు. ఊదేదానికి చూపుడువేలి కొన పట్టేంత బెజ్జం ఉండాలి, అంచు గీసుకోకుండా నున్నగా ఉండాలి. ఇంట్లోనే అరగదీసేవాళ్లు నీళ్లు పోస్తూ రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దక్షిణావర్తమని, అంటే కుడి సుడి శంఖమని, లక్షలు పోయకండి. అమెరికా తీరంలో సహజంగానే అటు తిరిగే వేరే జాతి గవ్వ ఉంది, దాన్నే దక్షిణావర్తమని అంటగడతారు. స్వరానికి సుడి ఎటు తిరిగినా ఒకటే. ఇంకొకటి, ట్రైటన్ అనే పెద్ద మచ్చల శంఖం వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాతి. గొంతు బాగుంటుందని ఎవరైనా ఆశ పెట్టినా కొనొద్దు.

శంఖం ఎంచుకునేటప్పుడు ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టుకుని అంగట్లోనే ఊది చూడండి. అంగడాయన విసుక్కుంటే విసుక్కోనీండి. పెద్ద శంఖం మంద్రం, చిన్నది తారం, కానీ ఒకే సైజు శంఖాలు రెండున్నా ఒకే శ్రుతి పలకవు. నలుగురు కలిసి స, గ, ప, పై స పలికే శంఖాలు నాలుగు వెతికి పట్టుకుంటే, ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ ఒక చిన్న వరస కట్టొచ్చు. ఒక్కరే అన్నీ పలికించాలనే తాపత్రయం ట్రంపెట్‌కు సరిపోతుంది, శంఖానికి పనికిరాదు. టిబెట్ బౌద్ధ మఠాల్లో కూడా శంఖాలు జంటగా ఊదుతారు.

కేరళ పంచవాద్యం సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. తిమిల, మద్దళం, ఇడక్క, ఇలత్తాళం, కొంబు: ఇవీ అయిదు. కానీ మేళం ఎత్తుకునేముందు మూడుసార్లు ఊదేది శంఖం. దాన్ని మాత్రం లెక్కలో చేర్చలేదు! మొదలుపెట్టేవాడికి లెక్కలో చోటివ్వకపోవడం మా బ్యాండులో జరిగుంటే పెద్ద పంచాయితీ అయ్యేది.

శ్రుతిపెట్టె ఇక్కడ ఆన్ చేసి ఉంచాను. శంఖాలు తెచ్చుకున్నవాళ్లు బయట కొళాయి దగ్గర కడుక్కుని రండి, ఒకరి శంఖం ఇంకొకరు ఊదొద్దు. చిన్న శంఖాలవాళ్లు ముందు, పెద్ద శంఖాలవాళ్లు తర్వాత. పాపా, నువ్వు రామ్మా, నీతోనే మొదలుపెడదాం.