పరాయి చేలోంచి దర్జాగా నడిచే దారి: ట్రింగ్ నుంచి ఐవింగో బీకన్ దాకా

అందరికీ నమస్కారం అండీ. వసంతం రాగానే కారేసుకుని ఏదో ఒక పూలతోటకి వెళ్లి, ఫొటోలు దిగి వచ్చేసే మన లండన్ తెలుగు కుటుంబాల కోసమే ఈ వీడియో. యూస్టన్‌లో రైలెక్కి ముప్పావు గంట ప్రయాణం చేస్తే ట్రింగ్ స్టేషన్. అక్కడి నుంచి కారుతో పనే లేదు.

నాన్న కూడా వచ్చారు. మాది పిడుగురాళ్ల దగ్గర, ఆయన జీవితమంతా వ్యవసాయమే. స్టేషన్ దాటి ఆల్డ్‌బరీ ఊరివైపు మళ్లగానే చెక్క గేటు, దానికి పసుపు బాణం గుర్తు. అవతల పచ్చటి పైరు, మధ్యలోంచి కాలిబాట. నాన్న గేటు దగ్గరే ఆగిపోయారు. "ఎవరిదో చేను కదమ్మా, ఇట్టా తొక్కుకుంటా పోతే ఊరుకుంటారా?"

ఊరుకోవడం కాదండీ, అది మన హక్కు. పసుపు బాణం ఉంటే పబ్లిక్ ఫుట్‌పాత్, నీలం బాణం ఉంటే గుర్రాలకీ సైకిళ్లకీ కూడా దారి. భూమి రైతుదే, దారి మాత్రం అందరిదీ. ఇలాంటి దారులన్నీ మ్యాపుల్లోకి ఎక్కించాలని 1949లోనే చట్టం చేశారు. చేను మధ్యలోంచి వెళ్లే దారిని దున్నాల్సి వస్తే, మామూలుగా 14 రోజుల్లోపు రైతు దాన్ని మళ్లీ నడవడానికి వీలుగా చేసివ్వాలి. ఈ మాట విని నాన్న చాలాసేపు ఆలోచించారు. "మన దగ్గర డొంకదారులు కూడా ఇట్టాగే ఉండేయి. సగం చేలల్లో కలిసిపోయినయ్" అన్నారు. ఆ తర్వాత ఆయనే ముందు నడిచారు, పైరు మీద అడుగు పడకుండా.

ఆల్డ్‌బరీలో చెరువు, దాని పక్కనే పాతకాలంలో నేరస్థుల కాళ్లు బిగించిన చెక్క బొండ ఉన్నాయి. ఊరు దాటితే నిటారుగా ఎక్కుడు. పైన 1832లో కట్టిన బ్రిడ్జ్‌వాటర్ స్తంభం కనిపిస్తుంది. కాలువలు తవ్వించిన బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ అనే ప్రభువు జ్ఞాపకంగా నిలబెట్టింది. అక్కడి నుంచి ఆష్‌రిడ్జ్ అడవి.

ఈ అడవి కోసమే ఏప్రిల్ చివర్లో రమ్మంటున్నాను. బీచ్ చెట్లు అప్పుడే లేత ఆకు వేస్తుంటాయి. ఎండ ఇంకా నేల దాకా దిగుతుంటుంది. పైన ఆకు దట్టమైతే కింద చీకటైపోతుంది కాబట్టి బ్లూబెల్స్ ఈ కొద్ది వారాల్లోనే పూసేస్తాయి. కొన్నిచోట్ల నేలంతా నీలం, ఊదా కలిసిన రంగు. దయచేసి పిల్లల్ని ఫొటో కోసం ఆ పూల మధ్య కూర్చోబెట్టకండి. ఆకులు నలిగితే దుంపకి ఆహారం అందదు. ఆ చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాలిబాట మీద నిలబడి తీసినా ఫొటో బాగానే వస్తుంది, నేను అలాగే తీశాను. ఇక్కడే బాగా రద్దీగా ఉండే డాకీ వుడ్ అనే భాగానికి మాత్రం పూల రోజుల్లో టికెట్ పెడుతుంటారు, ముందే చూసుకోండి.

అడవి దాటగానే ఒక్కసారిగా ఆకాశం. చెట్లు లేని గడ్డి కొండలు, కాలి కింద తెల్లటి బాట. నాన్న వంగి ఒక ముక్క తీసి గోటితో గీరారు. "సున్నపు రాయే! కాకపోతే ఇంత మెత్తగానా?" నిజమే, చాక్ అనే ఈ తెల్ల రాయి కూడా సున్నపురాయే. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. కంటికి కనిపించని నాచుజీవుల పెంకులు అడుగున పేరుకుని ఈ కొండలయ్యాయి. మన పల్నాటి రాయి దీనికంటే ఎంతో పాతది, గట్టిది. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది ఆ రాయిలోనే. వాటిలో కొన్నిటిని నాన్న మొన్ననే బ్రిటిష్ మ్యూజియంలో చూసొచ్చారు, అందుకే ఈ ముక్కని అంతసేపు చేతిలో తిప్పుతూ ఉండిపోయారు.

దారిలో నల్లగా, గాజులా మెరిసే చెకుముకి రాళ్లు కూడా ఈ చాక్‌లో పుట్టినవే.

"ఇంత పచ్చగా ఉంది, ఒక్క వాగు కూడా లేదేందమ్మా?" అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. వానంతా చాక్‌లోకి ఇంకిపోయి ఎక్కడో కొండ అడుగున ఊటగా పైకొస్తుంది. ఇన్‌కూంబ్ హోల్ అనే లోతైన లోయ ఉంది చూడండి, అందులో చుక్క నీరుండదు. మంచుయుగంలో నేల గడ్డకట్టి నీళ్లు ఇంకలేక పైనుంచే పారిన రోజుల్లో కోసుకుపోయిన లోయ అది.

ఇక గొర్రెలు. ఈ వారాల్లో ప్రతి తల్లి వెనకా పిల్లలుంటాయి, కుక్కని తెస్తే తాడు వదలకండి. గొర్రెలు మేయబట్టే ఈ కొండ గడ్డి కొండగా ఉంది, మేపడం మానేస్తే పొదలు కమ్మేసి చిన్న చిన్న పూలమొక్కలు పోతాయి. పైన తోక చీలిన ఎర్ర గద్దలు తిరుగుతున్నాయి. ఇంగ్లండ్‌లో పూర్తిగా అంతరించిపోతే, 1989 నుంచి స్పెయిన్ లాంటి చోట్ల నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి ఈ చిల్టర్న్ కొండల్లో వదిలారు. ఇప్పుడు తలెత్తితే చాలు, కనిపిస్తాయి.

ఐవింగో బీకన్ అనే చివరి కొండ మీద గాలికి మాట వినిపించదు. అటుపక్క కొండవాలు మీద గడ్డి తొలిచి తెల్లటి చాక్‌తో వేసిన 1933 నాటి విప్స్‌నేడ్ సింహం బొమ్మ. ఇక్కడితో ముగిసే రిడ్జ్‌వే బాట పొడవు 139 కిలోమీటర్లు. మేం పులిహోర తిని, అదే బాట పట్టుకుని పిట్‌స్టోన్ కొండ మీదుగా స్టేషన్‌కి దిగాం. మొత్తం చుట్టు సుమారు 14 కిలోమీటర్లు. వాన పడితే చాక్ బాగా జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. మ్యాపు కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 181 తీసుకోండి, ఆకుపచ్చ గీతలన్నీ నడిచే దారులే. మీ ఇంటి దగ్గరి మ్యాపులోనూ అలాంటి గీతలుంటాయి. ఈ వారం ఒకటి నడిచి, ఎలా ఉందో నాకు రాయండి.