అండమాన్ స్నార్కెలింగ్: మాస్క్‌లోకి నీళ్లు రాకుండా పెట్టుకోవడం ఎలా?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. పిల్లలతో జాలీ బాయ్ దీవికి పొద్దున వెళ్లి, స్నార్కెలింగ్ చేసి, అంటే కళ్లకీ ముక్కుకీ మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల మీద బోర్లా తేలుతూ పగడాలు చూసి, సాయంత్రానికల్లా వచ్చేయడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం.

మ్యాప్ చూడండి. ఇది పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు కదా. ఇక్కడి నుంచి వండూర్ జెట్టీ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ బోటు ఎక్కుతాం. ఇదంతా మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్, 1983 నుంచి ఉంది. పర్మిట్ ముందే తీసుకోండి, ఆధార్ ఒరిజినల్ పెట్టుకోండి, సోమవారం సెలవు. వానాకాలంలో జాలీ బాయ్ మూసేసి రెడ్ స్కిన్ దీవికి పంపిస్తారు. దీవిలో తినడానికి ఏమీ దొరకదు. ప్లాస్టిక్ అస్సలు ఒప్పుకోరు, సంచులు చూస్తారు. అందుకే ఇదిగో, స్టీలు డబ్బాలో పులిహోర. మధ్యాహ్నం దాకా పాడవదు, చేతికి జిడ్డు తప్ప ఏ ఇబ్బందీ లేదు.

సరే, అసలు విషయానికి వద్దాం. మాస్క్. నన్ను బాగా ఏడిపించింది ఇదే, అందుకే కొంచెం ఎక్కువసేపు చెప్తాను, విసుక్కోకండి.

మాస్క్‌ని ఇలా ముఖానికి ఆనించండి. బెల్టు ఇప్పుడే వేయొద్దు. ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేతులు వదిలేయండి. చూశారా, పడిపోలేదు. అంటే ఇది నా సైజు. పడిపోతే ఇంకోటి అడగండి, మొహమాటపడొద్దు. బుజ్జీ, ఇలా రా నాన్నా. చూడండి, పెద్దవాళ్ల మాస్క్ పెడితే వీడికి బుగ్గల దగ్గర సందు వస్తోంది. పిల్లల సైజే కావాలి.

ఇప్పుడు జుట్టు. ఈ సిలికాన్ అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా చాలు, నీళ్లు దారి వెతుక్కుంటాయి. మొత్తం వెనక్కి తోసేయండి. ఏవండీ, ఒకసారి ఇటు రండి. మా ఆయన మీసం చూశారుగా, మన వాళ్లలో సగం మందికి ఇదే సమస్య. మీసం తీయమంటే తీయరు. ఇదిగో, ముక్కు కింద, అంచు ఆనే చోట కొంచెం వాజలిన్. కొంచెమే, అద్దానికి తగలకూడదు.

ఇక బెల్టు. నీళ్లు వస్తున్నాయంటే అందరం చేసే పని బెల్టు ఇంకా బిగించడం. బిగించొద్దు! ఎంత బిగిస్తే ఈ అంచు అంత మడత పడుతుంది, అంత కారుతుంది. దగ్గరగా చూపిస్తాను, ఇక్కడ, ఈ మడత కనిపించిందా? బెల్టు చెవుల పైనుంచి, తల వెనక ఎత్తుగా ఉండే చోట, వదులుగా. నీళ్లలో మాస్క్‌ని నీళ్లే లోపలికి నొక్కుతాయి. బెల్టు ఊరికే జారకుండా ఉండటానికే.

అద్దం మసకబారకుండా ఉమ్మి రాసి కడుగుతారు. నేనైతే చిన్న సీసాలో బేబీ షాంపూ తెచ్చుకుంటాను. ఒక చుక్క, రుద్దడం, కడగడం, అయిపోయింది.

ఊపిరి నోటితోనే, నెమ్మదిగా. గొట్టంలో నీళ్లు వస్తే గట్టిగా “తూ” అని ఊదండి. మాస్క్‌లో వస్తే తల పైకెత్తి, పై అంచు నుదుటికి నొక్కి, ముక్కుతో చీదినట్టు గాలి వదలండి. ఇవి మోకాళ్ల లోతు నీళ్లలోనే పిల్లలతో ఆటలా చేయించండి. అక్కడ టెన్షన్ పోయిందంటే ఇక లోపల భయం ఉండదు. లైఫ్ జాకెట్ అందరికీ, ఈత వచ్చినవాళ్లకి కూడా.

ఇక చూడండి, నేను మాట్లాడను కాసేపు... అదిగో చిలక చేప! పగడాన్ని కొరుకుతోంది, ఆ శబ్దం నీళ్లలో వినిపిస్తుంది. కొరికిన రాయి పొడై ఇసుకలా బయటికి వస్తుంది. మాస్క్‌లోంచి అన్నీ దాదాపు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి, అందుకే బుజ్జిగాడు చెయ్యి చాపుతున్నా అందట్లేదు.

ఈ తెల్ల కొమ్మ చూడండి. ముచ్చటగా ఉందనుకుంటాం. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉండి తిండి పెట్టే నాచుని బయటికి పంపేస్తుంది, అప్పుడు ఇలా పాలిపోతుంది. 2010లో అండమాన్‌లో ఇది చాలా పెద్ద ఎత్తున జరిగింది. అందుకే కాళ్లు అలసినా పగడం మీద నిలబడొద్దు. ఈ గుండ్రటి బండలాంటివి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అలసిపోతే బోర్లా కాకుండా వెల్లకిలా తేలండి, చాలు.

అన్నట్టు, సన్‌స్క్రీన్. ముఖానికి దట్టంగా రాస్తే మాస్క్ జారుతుంది. నేను ఫుల్ చేతుల టీషర్టు, లెగ్గింగ్స్ వేసేస్తాను. బోర్లా తేలుతాం కాబట్టి మాడేది వీపు, మెడ, పిక్కలే.

ఒడ్డున గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుని సంచిలో వేయొద్దు, బతికున్నవైనా చచ్చినవైనా. 1972 వన్యప్రాణి చట్టం కింద పగడాలకి రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో సంచీ తీయిస్తారు. బోటు వాళ్లు పిలుస్తున్నారు, వెళ్లాలి. మీసంవాళ్లకి వాజలిన్ పనిచేసిందో లేదో కామెంట్‌లో చెప్పండి, ఉంటాను.