కల్చర్ పాజిటివ్ వచ్చింది సరే, పేషెంట్‌ని చూశారా?

అందరికీ నమస్కారం. ముందు నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెబుతాను. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు, పెద్దపేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు నాలుగో రోజు జ్వరం వచ్చింది. యూరిన్ కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఈ-కొలై అనే బ్యాక్టీరియా పెరిగింది. హమ్మయ్య, కారణం దొరికిందనుకుని యాంటీబయాటిక్ రాశాను. రెండు రోజులకు పొట్ట బిగుసుకుపోయింది. పేగు కుట్టిన చోట లీకయింది. ఆయనకు మళ్ళీ ఆపరేషన్ చేయాల్సివచ్చింది. మూత్రంలో క్రిములున్న మాట నిజమే, జ్వరం మాత్రం వాటి వల్ల కాదు.

మూత్రాశయంలోకి పెట్టే యూరిన్ పైపు (క్యాథెటర్) ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. నెలరోజులుంచితే దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటుంది. చాలామందికి దానివల్ల ఏ బాధా ఉండదు, మందూ అక్కర్లేదు. చీముకణాలు కూడా పైపు రాపిడికే కనిపిస్తాయి. మూత్రం మడ్డిగా ఉందనో, వాసన వస్తోందనో కల్చర్ పంపకండి.

మరి దేన్ని నమ్మాలి? మంట ఉందా అని అడిగితే లాభం లేదు, పైపే మంట పుట్టిస్తుంది. ఎపిడ్యూరల్ (వెన్నులోకి సన్నని గొట్టంతో ఇచ్చే నొప్పి మందు) ఉంటే నొప్పి తెలియదు, పారాసెటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది. అందుకే చెయ్యి వేసి చూడాలి. నడుము పక్కన తడితే ఉలిక్కిపడుతున్నారా? చలితో వణుకుతున్నారా? మొదటి రెండు రోజుల జ్వరం చాలావరకు ఆపరేషన్‌కు శరీరం చూపే స్పందనే. ఆ తర్వాత వస్తే ఊపిరితిత్తులు, గాయం, కాళ్ళు, సెలైన్ సూది పెట్టిన చోటు, అన్నీ చూడండి. పైపు తీసేశాక మంట అంటే మాత్రం ఆ మాటకు చాలా విలువ ఇవ్వాలి.

ఇక శాంపిల్. సిస్టర్స్, ఇది మీ చేతుల్లోనే ఉంది. బ్యాగులోంచి ఎప్పుడూ తీయకండి, అక్కడ గంటల తరబడి క్రిములు పెరుగుతూ ఉంటాయి. పైపు మీద శాంపిల్ తీయడానికి ఉండే పోర్టుకు కాస్త కింద క్లాంప్ చేసి (క్లిప్పుతో నొక్కి మూసి), తాజా మూత్రం చేరేదాకా ఆగండి. పోర్టును స్పిరిట్‌తో రుద్ది, ఆరనిచ్చి, సిరంజితో లాగండి. క్లాంప్ తీయడం మరవకండి. పైపు పెట్టి రెండు వారాలు దాటితే, దాన్ని మార్చి కొత్తదాంట్లోంచే తీయాలి. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీసి, రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి.

మా వార్డులో ఇప్పుడు కల్చర్ ఫారం మీద ఎందుకు పంపుతున్నామో ఒక వాక్యం రాస్తాం: ‘పైపు పెట్టి 5వ రోజు, చలిజ్వరం, కుడి నడుము నొప్పి’ అని. రాయడానికి ఏమీ తోచక ఫారం పక్కన పెట్టేసి, పేషెంట్ దగ్గరికి తిరిగి వెళ్ళిన రోజులు చాలానే ఉన్నాయి.