రాని జబ్బుకు చేసే వైద్యం

అందరికీ నమస్కారం.

ప్రజారోగ్యం చదువుతున్నవాళ్లను ఈ రంగంలోకి ఎందుకు వచ్చారని అడిగితే చాలామంది ఒకే జవాబు చెబుతారు: "నలుగురికీ ఉపయోగపడాలని." మంచి మాటే. కానీ ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని నిలబెట్టడం కష్టం. ఆసుపత్రిలో కోలుకున్న రోగి డాక్టరుకు దండం పెట్టి ఇంటికి వెళ్తాడు. మన పని ఫలించినప్పుడు కనిపించేది ఏమీ ఉండదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి కలరా రాలేదు. టీకా వేశారు కాబట్టి బిడ్డకు తట్టు రాలేదు. రాని జబ్బుకు కృతజ్ఞత ఎవరు చెబుతారు? పైగా, అంతా సవ్యంగా సాగిన ఏడాదే "ఇంతమంది సిబ్బంది ఎందుకు?" అని నిధులకు కోత పెడతారు.

అందుకే మీ ఆశయాన్ని ఒక సమస్యకు ముడివేసుకోండి. అదీ వీలైనంత చిన్న సమస్యకు. "ఆరోగ్యం" అన్నది మరీ పెద్ద మాట, దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్లలేం. "క్షయ రోగులు మందులను మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?" అన్నది చేతికి చిక్కే ప్రశ్న. మామూలు క్షయకు చికిత్స సాధారణంగా ఆరు నెలలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది, ఇక మాత్రలు ఎందుకనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి వెళ్తే ఆసుపత్రికి వెళ్లిన రోజు పోయే కూలి, బస్సు చార్జీలు, పొరుగువారికి తెలుస్తుందన్న భయం ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఈ ఒక్క ప్రశ్న మిమ్మల్ని మందుల సరఫరా దగ్గరికి, కార్మిక చట్టాల దగ్గరికి, ఇంటింటి కబుర్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఎన్నేళ్లు పనిచేసినా తరగదు.

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో పది రోజుల్లో ఐదు వందల మందికి పైగా కలరాతో చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టర్ మరణాలను లెక్కగట్టి, వీధి పంపు నీళ్లే కారణమని వాదించడం, పంపు పిడి తీసేయించడం మీరంతా చదివిన కథే. ఆ కథలో హెన్రీ వైట్‌హెడ్‌ అనే మరో మనిషి ఉన్నాడు. పాఠ్యపుస్తకాలు అతనికి అర వాక్యం కూడా ఇవ్వవు. నాకది అన్యాయంగా తోస్తుంది. అతను ఆ పేటలోని చర్చిలో పనిచేసే యువ మతాచార్యుడు. స్నో చెప్పింది తప్పని నిరూపించాలనే బయలుదేరాడు. పేటవాళ్లతో బాగా పరిచయం ఉంది కాబట్టి ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ నీళ్లు తాగారో ఓపికగా అడిగాడు. చివరికి తన అభిప్రాయాన్నే మార్చుకున్నాడు. అందరికంటే ముందు జబ్బు పడిన పసిబిడ్డ ఎవరో కనిపెట్టిందీ అతనే. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి పారబోసిన గుంత, ఆ పంపు బావికి ఆనుకునే ఉంది. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించడానికి అప్పటికింకా దాదాపు మూడు దశాబ్దాలు ఉంది!

స్నో దగ్గర లెక్కలున్నాయి, వైట్‌హెడ్‌కు తలుపులు తెరుచుకున్నాయి. మీకు రెండూ రావాలి. గణాంకాలు తరగతిలో నేర్చుకోవచ్చు. రెండోది నేర్పే తరగతి లేదు, ఒకే చోట కొన్నేళ్లు ఉండిపోవాలి. రెండేళ్లకోసారి ప్రాజెక్టు మారేవాళ్ల ఉద్యోగ చరిత్ర పొడవుగా కనిపిస్తుంది గానీ, వాళ్లతో ఇంటి విషయం చెప్పుకునేవాళ్లు తక్కువ.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ వద్ద సెలైన్ నిండుకుంది. ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీటిని పెద్ద పాత్రల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆ మిశ్రమం అప్పటికే పరిశోధనశాలల్లో తెలిసినదే. చికిత్సను తల్లుల చేతికి, అన్నదమ్ముల చేతికి అప్పగించడానికే ధైర్యం కావాల్సి వచ్చింది. సముదాయానికి అండగా ఉండటమంటే నా దృష్టిలో ఇదే. మన చేతిలోని పని వాళ్ల చేతికి మారాలి.

డబ్బు గురించి కూడా మాట్లాడుకుందాం. ప్రపంచం మొత్తం మీద గడప గడపకూ తిరిగే ఆరోగ్య కార్యకర్తల్లో ఎక్కువమంది స్త్రీలే. "సేవ" అని పొగిడి, జీతం బదులు గౌరవ వేతనం చేతిలో పెట్టడం పాత అలవాటు. మీలో కొందరు రేపు కార్యక్రమాల బడ్జెట్లు రాస్తారు. అందులో వాళ్ల జీతం పద్దును మొదట రాయండి, వాహనాల పద్దు తర్వాత చూసుకోవచ్చు.

మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీరూ రెండు ప్రశ్నలు అడగండి. నిధులు ఆగిపోతే ఈ పని ఎవరు కొనసాగిస్తారు? సర్వేలో సేకరించిన సమాచారాన్ని, చెప్పినవాళ్లకు తిరిగి చూపిస్తారా? సరైన జవాబు రాకపోయినా, ఇల్లు గడవడానికి ఉద్యోగం అవసరమైతే నిస్సంకోచంగా చేరండి. నమ్మకంగా లెక్క రాయడం, ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినడం అక్కడైనా నేర్చుకోవచ్చు. ఆ రెండు ప్రశ్నలు మాత్రం లోపలికి వెళ్లాక కూడా అడుగుతూనే ఉండండి. కొందరు పై అధికారులకు చిరాకు కలుగుతుంది, అది మామూలే.

ఇప్పుడు మీరు అడగండి.